వేధింపులు ఎదురైతే: కొత్తగా చేరినవారికి

విశాఖకు కొత్తగా వచ్చిన తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఎవరైనా వేధిస్తే లోలోపల కుమిలిపోవద్దు. ర్యాగింగ్ అయితే యూజీసీ ఉచిత నంబరు 1800-180-5522కు ఏ వేళలోనైనా ఫోను చేయండి.

లైంగిక వేధింపులైతే క్యాంపస్‌లోని అంతర్గత ఫిర్యాదుల కమిటీకి 3 నెలల్లోపు రాసివ్వాలి. తగిన కారణం ఉంటే గడువు మరో 3 నెలలు పెంచవచ్చు గానీ, పరీక్షలయ్యాక చూద్దామని ఆగకండి. రాయలేకపోతే రాయడానికి కమిటీయే సాయపడాలి, చట్టంలోనే ఉంది. మెసేజీలు చెరపవద్దు. ఫిర్యాదు నకలు మీద అందినట్టు సంతకం, తేదీ తప్పక వేయించుకోండి. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం ఇదే.

మనసు బాగోకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోను చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు. ప్రమాదమనిపిస్తే 112.

మద్దిలపాలెం, మధురవాడ వైపు గదుల్లో ఉంటూ తోడు కావాలనుకునేవారు గ్రూపులో కాకుండా నాకు విడిగా రాయండి. వెంట వస్తాను.