సెట్టింగ్ పక్కన లెక్క కూడా రాయాలి

సంపాదకులకు,

ప్రభుత్వ కార్యాలయాల్లో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కే ప్రాధాన్యం ఇవ్వాలని కేంద్రం 2015లో విధానం ప్రకటించింది. ఆ మాట వచ్చినప్పుడు డేటాబేస్‌లలో తరచూ వినిపించే పేరు పోస్ట్‌గ్రెస్. దాని మాన్యువల్ చాలా మంచిది. లోటల్లా కాన్ఫిగరేషన్ అధ్యాయంలోనే. ప్రతి సెట్టింగ్ ఏమిటో చెబుతుంది గానీ, ఎంత పెడితే ఏమవుతుందో లెక్క కట్టి చూపడం తక్కువ.

వర్క్ మెమ్‌నే తీసుకోండి. డేటాబేస్ పని చేసేటప్పుడు ఎంత మెమరీ వాడుకోవచ్చో చెప్పే సెట్టింగ్ ఇది. డీఫాల్ట్ 4 ఎంబీ. ఇది కనెక్షన్‌కు ఇంత అనుకుని 64 ఎంబీకి పెంచేస్తుంటారు. నిజానికి ఇది క్వెరీలో (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలో) జరిగే ఒక్కో సార్ట్‌కు (డేటాను వరుసలో పెట్టడం), ఒక్కో హ్యాష్‌కు (త్వరగా వెతకడానికి మెమరీలో కట్టే పట్టిక) విడివిడిగా వర్తించే పరిమితి. హ్యాష్ అయితే దీన్ని హ్యాష్ మెమ్ మల్టిప్లయర్ అనే మరో సెట్టింగ్‌తో గుణించాలి. దాని డీఫాల్ట్ 15వ వెర్షన్‌లో 1 నుంచి 2 అయింది. అంటే రెండు సార్ట్‌లు, ఒక హ్యాష్ ఉన్న క్వెరీ 64, 64, 128 కలిపి 256 ఎంబీ దాకా తీసుకోగలదు. డీఫాల్ట్‌గా అనుమతించే 100 కనెక్షన్లూ ఒకేసారి దాన్ని నడిపితే 25 జీబీ! ఒకే క్వెరీని పంచుకుని నడిపే ప్యారలల్ వర్కర్లు ఉంటే ఇంకా ఎక్కువ. 16 జీబీ సర్వర్‌లో షేర్డ్ బఫర్స్‌కు (అన్ని కనెక్షన్లూ పంచుకునే మెమరీకి) 4 జీబీ పోతే మిగిలేది 12. మెమరీ చాలక లినక్స్ ఒక పోస్ట్‌గ్రెస్ ప్రాసెస్‌ను చంపితే, మిగతా కనెక్షన్లన్నీ తెగిపోయి రికవరీ మొదలవుతుంది. మొత్తం వాడకం చాలా రెట్లు కావచ్చని మాన్యువల్ హెచ్చరిస్తుంది, నిజమే. కానీ కొత్తగా చేరిన ఇంజినీర్‌కు కావాల్సింది ఈ కూడిక.

తగ్గించినా ఇబ్బందే. సార్ట్ డిస్క్ మీదికి పోయి క్వెరీ నెమ్మదిస్తుంది. లాగ్ టెంప్ ఫైల్స్ అనే సెట్టింగ్‌ను 0 చేసి రీలోడ్ చేస్తే ఏ క్వెరీ ఎంత తాత్కాలిక ఫైల్ రాసిందో లాగ్‌లో కనిపిస్తుంది. అప్పుడు ఆ క్వెరీలు నడిపే రోల్‌కు (డేటాబేస్ యూజర్‌కు) మాత్రమే వర్క్ మెమ్ పెంచితే సరిపోతుంది, సర్వర్ మొత్తానికి అక్కర్లేదు. ఈ రెండు విషయాలూ మాన్యువల్‌లో ఉన్నాయి, వేర్వేరు చోట్ల. వర్క్ మెమ్ వివరణలోనే వాటికి దారి చూపాలి.

యూనిట్ల సంగతి మరీ ప్రమాదం. యూనిట్ రాయకపోతే వర్క్ మెమ్ కిలోబైట్లలోను, షేర్డ్ బఫర్స్ 8 కేబీ బ్లాకుల్లోను లెక్క. ఎంబీ అనుకుని వర్క్ మెమ్‌కు ఉత్త 64 అని రాస్తే 64 కేబీ అవుతుంది. అది సరిగ్గా కనిష్ఠ విలువ కాబట్టి ఏ ఎర్రర్ రాదు! షేర్డ్ బఫర్స్‌కు 4096 అంటే 4 జీబీ కాదు, 32 ఎంబీ. మాన్యువల్ ఇది చెబుతుంది. కానీ అందరూ తెరిచి మార్చేది కాన్ఫిగరేషన్ ఫైల్‌నే. అందులో వర్క్ మెమ్ పక్కన ఉన్న వ్యాఖ్య కనిష్ఠం 64 కేబీ అని మాత్రమే.

ఫైల్ మార్చినా విలువ మారకపోతే, ఆల్టర్ సిస్టమ్ అనే కమాండ్‌తో ఎవరో ఆటో కాన్ఫ్ అనే మరో ఫైల్‌లో రాసి ఉండొచ్చు. అక్కడున్నదే చెల్లుతుంది. సెట్టింగ్‌లన్నీ చూపే పీజీ సెట్టింగ్స్ వ్యూలో సోర్స్ ఫైల్, లైన్ నంబర్ చూస్తే తెలుస్తుంది.

తెలుగు రాష్ట్రాల ఇంజినీరింగ్ కాలేజీల్లో ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా, ఇలాంటి లెక్కలను మాన్యువల్‌లో చేర్చే పని ఇవ్వాలని నా విన్నపం. మాన్యువల్ కూడా సోర్స్ కోడ్‌తోపాటే డాక్‌బుక్ అనే పద్ధతి ట్యాగ్‌లతో ఉంటుంది, ఎవరైనా మార్పు ప్రతిపాదించవచ్చు. విద్యార్థి ఒక్క సెట్టింగ్ తీసుకుని, చిన్న సర్వర్‌లో ఎక్కువ, తక్కువ విలువలతో పరీక్షించి, వెర్షన్ నంబర్ రాసిపెట్టుకుని, దొరికిన లెక్కను మూడు నాలుగు వాక్యాల్లో చేర్చాలి. హెచ్‌టీఎంఎల్ బిల్డ్ చేసి పేజీ సరిగా వస్తోందో చూశాకే పంపాలి. ఒక ప్యాచ్‌లో (పంపే మార్పులో) ఒకే సెట్టింగ్ ఉంటే సమీక్షించేవారికి సులువు. మొదటి ప్యాచ్‌గా, కాన్ఫిగరేషన్ ఫైల్‌లో ఆ 64 కేబీ పక్కన ఒక్క సార్ట్‌కు, ఒక్క హ్యాష్‌కు అన్న మాట చేర్చమని అడగవచ్చు.

- ఒక డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్, హైదరాబాద్