ఆ పెట్టె కొనేముందు

కాకినాడ,
ఆదివారం సాయంత్రం.

అమ్మలూ,

నిన్న రాత్రి ఫోన్‌లో "నాన్నా, లక్షా ఎనభై వేలకి కంప్రెసర్ దొరుకుతోంది, తీసేసుకోనా?" అని అడిగావు. నేను వెంటనే ఏమీ అనలేదు. వద్దంటానని అనుకున్నట్టున్నావు, నీ గొంతు చిన్నబోయింది. వద్దని కాదు తల్లీ. ఇరవై ఏళ్ళకు పైగా రికార్డింగ్ స్టూడియోల్లో, పాట శబ్దం హెచ్చుతగ్గుల్ని అదుపులో పెట్టే ఆ పెట్టెల ముందు కూర్చున్నవాణ్ణి, వాటి సంగతి ఫోన్‌లో రెండు ముక్కల్లో తేల్చేయడం నా వల్ల కాలేదు. అందుకే రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

అసలు ఆ పెట్టె అవసరం ఎందుకొచ్చిందో ముందు చెబుతాను. నేను మద్రాసులో అసిస్టెంటుగా చేరిన రోజుల్లో పాటంతా టేపు మీదే. టేపుకి కింద ఒక హద్దు, పైన ఒక హద్దు ఉండేవి. మరీ మెల్లగా పాడితే టేపు బుస గొంతును మింగేసేది. మరీ గట్టిగా పాడితే టేపు తట్టుకోలేక గొంతు బొంగురుపోయేది. ఆ రెంటి మధ్యే పాటను నడిపించాలి. మా పెద్ద ఇంజనీర్ గారు పాట రాసిన కాగితం ముందు పెట్టుకుని, గొంతు లేచే మాట కింద పెన్సిల్‌తో గీత గీసుకునేవారు. ఆ మాట వచ్చే ముందు ఊపిరి బిగబట్టి, చూపుడు వేలితో ఫేడర్‌ని, అంటే శబ్దం పెంచే తగ్గించే మీటని, గోరంత కిందికి లాగేవారు. మాట దాటగానే మళ్ళీ పైకి. పక్కనే నిలబడ్డ నాకు ఆ వేలు కదిలినట్టే తెలిసేది కాదు, మీటర్ ముల్లు మాత్రం గీత దాటేది కాదు.

కంప్రెసర్ అంటే ఆ వేలే, కాకపోతే అలసిపోదు. ఎంత తొందరగా పట్టుకుంటుందో అది అటాక్. ఎంత తొందరగా వదిలేస్తుందో అది రిలీజ్. మిగతా మీటలన్నీ వీటి చుట్టూ తిరిగేవే.

నువ్వు చూసిన పెట్టె ఎల్‌ఏ-2ఏ అనే పాత కంప్రెసర్ నమూనాలో చేసిందన్నావు కదా. అసలుదాన్ని 1960లలో అమెరికాలో జిమ్ లారెన్స్ అనే ఆయన టెలిట్రానిక్స్ పేరుతో తయారుచేశాడు. లోపల ఒక చిన్న డబ్బీ ఉంటుంది. అందులో ఒక పక్కన వెలిగే పలక, దానికి ఎదురుగా వెలుతురు పడితే గుణం మారే రెసిస్టర్. గొంతు పెరిగితే పలక ఎక్కువ వెలుగుతుంది, ఆ వెలుతురు ఎంత పడితే శబ్దం అంత తగ్గుతుంది. గొంతు తగ్గాక ఆ రెసిస్టర్ వెంటనే మామూలుగా అయిపోదు. మిట్టమధ్యాహ్నం ఎండలోంచి ఇంట్లోకి వస్తే కాసేపు కళ్ళకు ఏమీ ఆనదు చూడు, అచ్చం అలాగే. సగం తేరుకోవడానికి 60 మిల్లీసెకన్లు చాలు. మిగతా సగానికి అర సెకను నుంచి ఐదు సెకన్ల దాకా పడుతుంది. ఎక్కువసేపు గట్టి వెలుతురు చూసిందంటే ఇంకా నెమ్మదిగా వదులుతుంది. పాడేవాళ్ళ గొంతు మీద అది అంత సహజంగా ఉండటానికి కారణం ఈ నెమ్మదితనమే. పైన పెద్ద మీటలు రెండే, ఎంత తగ్గించాలి, ఎంత పెంచాలి. అటాక్, రిలీజ్ మన చేతికి ఇవ్వనే లేదు.

దీనికి పూర్తిగా ఎదురు స్వభావం 1176 అనే ఇంకో కంప్రెసర్‌ది. బిల్ పుట్నం అనే ఆయన 1960ల చివర్లో చేశాడు. దాని అటాక్ 20 మైక్రోసెకన్ల దాకా వెళ్తుంది, అంటే సెకనులో యాభై వేలో వంతు. ఇంకో సంగతి, దాంట్లో అటాక్ మీట కుడివైపుకి తిప్పేకొద్దీ వేగం పెరుగుతుంది. చాలా కంప్రెసర్లలో దీనికి తిరగబడి ఉంటుంది. దాన్ని చూసి చేసిన ప్లగిన్లలోనూ, అంటే కంప్యూటర్‌లో అదే పని చేసే సాఫ్ట్‌వేర్లలోనూ, సాధారణంగా అలాగే ఉంచారు కాబట్టి గుర్తుపెట్టుకో. పోయిన నెల నువ్వు పంపిన డప్పు ట్రాకులో జరిగింది ఇదేనని నా అనుమానం. సిర్ర పడిన ఆ మొదటి దెబ్బ, తోలు మీద టప్పుమనే ఆ చురుకు, పుట్టీ పుట్టకముందే కంప్రెసర్ పట్టేసింది. వెనకాల గుమ్మనే మోత ఒక్కటే మిగిలింది. వింటుంటే ఎవరో పక్క వీధిలో వాయిస్తున్నట్టుంది. అటాక్‌ని 20, 30 మిల్లీసెకన్ల దాకా నెమ్మది చెయ్యగలిగిన మామూలు ప్లగిన్ ఏదైనా సరే పెట్టి చూడు. దెబ్బ ముందు దూసుకెళ్ళిపోతుంది, తర్వాత మోతను పట్టుకుంటుంది. డప్పు నీ గదిలోకి వచ్చేస్తుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

ఇక నువ్వు అడిగిన అసలు మాట. పెట్టె బాగుంటుందా, ప్లగిన్ బాగుంటుందా?

పోయిన సంక్రాంతికి నేను హైదరాబాదు వచ్చినప్పుడు నా పాత స్నేహితుడి స్టూడియోకి వెళ్ళాను, గుర్తుందా? అక్కడ అసలు ఎల్‌ఏ-2ఏ ఉంది. లోపలి వాల్వులు, పాత రేడియోల్లో ఉండే ఆ గాజు గొట్టాలు, వేడెక్కాక వచ్చే ఆ వాసన తగిలేసరికి నాకు మద్రాసు మొత్తం కళ్ళ ముందుకొచ్చింది. ఒకే గొంతును ఒకసారి పెట్టెలోంచి, ఒకసారి దాని ప్లగిన్‌లోంచి పంపాం. తర్వాత రెండిటి లెవెల్ సమానం చేశాం. ఇది మాత్రం నువ్వు ఎప్పుడూ మర్చిపోవద్దు. అర డీబీ (డెసిబెల్) ఎక్కువ వినిపించినా సరే, చెవి దాన్నే బాగుందంటుంది. రెండింటినీ పోల్చామనేవాళ్ళలో చాలామంది లెవెల్ కలపకుండానే పోలుస్తారు. మేం కలిపాక, నేను గోడ వైపు తిరిగి కూర్చున్నాను, ఏది ఏదో చెప్పకుండా వాడు మార్చి మార్చి వినిపించాడు. రెండు, మూడు డీబీలు తగ్గించినంత వరకూ నేను చెప్పింది బొమ్మా బొరుసూ వేసినట్టే అయింది. పది డీబీల దాకా లాగి పిండినప్పుడు మాత్రం తేడా తెలిసింది. పెట్టెలో గొంతు ఇంకా ఎదురుగా నిలబడినట్టే ఉంది, ప్లగిన్‌లో కాస్త పలచబడింది. ఆ తేడా కూడా పూర్తి సంగీతం కలిపి వింటే నాకు దొరకలేదు.

పైగా పాత పెట్టెలు రెండు తెచ్చి పక్కపక్కన పెడితే అవే ఒకలా పలకవు. ఆ డబ్బీలో పలక వయసుతో మారుతుంది, వాల్వులు అరుగుతాయి. ప్లగిన్ చేసినవాళ్ళు వాళ్ళ దగ్గరున్న ఏదో ఒక పెట్టెను కొలిచి చేస్తారు. కాబట్టి అసలుకీ నకలుకీ తేడా అని మనం అనుకునేది ఒక్కోసారి ఒక పెట్టెకీ ఇంకో పెట్టెకీ ఉన్న తేడా అయుండొచ్చు.

ప్లగిన్‌తో సుఖాలు నీకు నేను చెప్పక్కర్లేదు. ఒకటి కొంటే ఇరవై ట్రాకుల మీద పెట్టుకోవచ్చు, ఏడాది తర్వాత తెరిచినా మీటలు పెట్టినచోటే ఉంటాయి. మేం ప్రతి సెషన్ తర్వాత మీటలు ఏ అంకె మీద ఉన్నాయో నోట్‌బుక్‌లో రాసుకునేవాళ్ళం. అద్దె ఇంట్లో ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే పెట్టెలోంచి వచ్చే హమ్ముతో నువ్వు పడే అవస్థ వేరే.

కానీ ప్లగిన్ చేయలేని పని ఒకటుంది. పెట్టె, మైకుకీ కంప్యూటర్‌కీ మధ్యలో కూర్చుంటుంది. గొంతు అంకెలుగా మారకముందే దాన్ని పట్టుకుంటుంది. ప్లగిన్ ఏదైనా సరే, మైకుని కంప్యూటర్‌కి కలిపే ఇంటర్‌ఫేస్‌లోనే నడిచేదైనా సరే, అంకెలుగా మారాకే చూస్తుంది. ఇన్‌పుట్‌లో ఎర్ర దీపం వెలిగి పగిలిపోయిన గొంతును తర్వాత ఏ ప్లగిన్ అయినా పూర్తిగా అతకలేదు. అయితే దీనికి లక్షా ఎనభై వేల మందు అక్కర్లేదు. నువ్వు 24 బిట్‌లో రికార్డ్ చేస్తున్నావు, కింద బుస భయం లేదు. గెయిన్ తగ్గించి, ఎంత గట్టిగా పాడినా ముల్లు మైనస్ పది దాటకుండా చూసుకుంటే చాలు. టేపు రోజుల్లో మాకు ఆ వెసులుబాటు లేదు.

ఇంకో తేడా పాడేవాళ్ళ చెవిలో ఉంది. హెడ్‌ఫోన్‌లో తన గొంతు కంప్రెసర్‌లోంచి వినిపిస్తే మనిషి పాడే తీరే మారిపోతుంది. మెల్లగా అన్న మాట కూడా దగ్గరగా వినిపిస్తుంది కాబట్టి అరవరు. పెట్టెలో ఇది ఆలస్యం లేకుండా జరుగుతుంది. కంప్యూటర్‌లో ప్లగిన్ పెట్టి వినిపిస్తే బఫర్ అడ్డం వస్తుంది, అంటే కంప్యూటర్ శబ్దాన్ని కొంత కొంత పోగుచేసుకున్నాకే ముందుకు పంపుతుంది. 48 కిలోహెర్ట్జ్‌లో, అంటే సెకనుకి 48 వేల శాంపిళ్ళు తీసేటప్పుడు, 512 శాంపిళ్ళ బఫర్ అంటే ఒక వైపుకే దాదాపు 11 మిల్లీసెకన్లు. ఎముకలోంచి వచ్చే తన గొంతు, హెడ్‌ఫోన్‌లోంచి వచ్చే గొంతు కలవక పాడేవాళ్ళు తడబడతారు. బఫర్‌ని 64కో 128కో దించుకో, ఆ ఒక్క ట్రాకు మీద తేలికపాటి ప్లగిన్ ఒక్కటే ఉంచు.

ఇప్పుడు నేను ఇంతవరకు నీకు చెప్పని ఒక సంగతి. చేరిన మూడో ఏడు, ఒక సాయంత్రం పెద్ద ఇంజనీర్ గారు ఒంట్లో బాగాలేక ఇంటికి వెళ్తూ ఒక చిన్న సెషన్ నాకు అప్పజెప్పారు. గొంతు ఎక్కడా జారిపోకూడదన్న టెన్షన్‌లో కంప్రెసర్‌ని బాగా బిగించేశాను. ఎంత తగ్గిస్తోందో చూపే ముల్లు ఎప్పుడు చూసినా కిందే ఉంది, అది జాగ్రత్త అనుకున్నాను. పాడినావిడ ఆ రోజు ప్రాణం పెట్టి పాడింది. మర్నాడు ఆయన వచ్చి విన్నారు. మాటకంటే ఊపిరి పెద్దగా ఉంది. చరణంలో గొంతు కొండెక్కాల్సిన చోట చదునుగా ఉంది. వాద్యాలవాళ్ళు వెళ్ళిపోయారు, ఆవిడ వేరే ఊరు వెళ్ళిపోయింది. టేపు మీద పడింది పడినట్టే. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. "రికార్డ్ చేసేటప్పుడు రెండు మూడు డీబీలు మించకు, మిగతాది తర్వాత చూసుకుందాం" అన్నారంతే. ఆ గొంతు ఈ రోజుకీ నాకు వినిపిస్తుంది అమ్మలూ, చదునుగానే.

పెట్టె మీద నా గౌరవం అక్కణ్ణుంచే వచ్చింది. దాని గొప్పతనం దాని శబ్దంలో కొంతే. మిగతాదంతా, అప్పటికప్పుడు విని ఒక నిర్ణయానికి వచ్చేలా మనల్ని కూర్చోబెట్టడంలో ఉంది. నువ్వు పంపిన ప్రాజెక్టులో గొంతు ఒక్కదాని మీదే నాలుగు కంప్రెసర్లు చూశాను. ఒకటి చేసిన తప్పును ఇంకోటి సర్దుతోంది. ఏదీ ఖాయం కాలేదు కాబట్టి ఏదీ తీసెయ్యలేదు. లక్షా ఎనభై వేల పెట్టె తెచ్చినా దాని వెనక ఆ నాలుగూ అలాగే ఉంటాయని నా భయం.

నీ గొంతు గురించి ఒక్క మాట. మన తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది. "వెన్నెల" అన్నప్పుడు "వెన్"మీద నువ్వు బలంగా నొక్కుతావు, చివరి "ల"ని పువ్వులా వదిలేస్తావు. రిలీజ్ మరీ నెమ్మదిగా ఉంటే, కంప్రెసర్ మొదటి అక్షరాన్ని పట్టుకున్న పట్టు వదిలేలోపే ఆ "ల" వచ్చి వెళ్ళిపోతుంది, ఎవరికీ వినపడదు. మరీ వేగంగా ఉంటే ఆ "ల" వెనకే నీ ఫ్యాను, కింద కూరగాయల బండి కేక పైకి లేస్తాయి. కళ్ళు మూసుకుని చివరి అక్షరాన్నే వింటూ రిలీజ్ తిప్పు, మీటర్ చూడకు. అంతకు ముందు ఫ్యాను ఆపు, వెనక గోడకి ఆ పాత బొంత వేలాడదియ్యి, మైకుకి జానెడు దూరంలో నిలబడి గట్టిగా పాడే చోట బెత్తెడు వెనక్కి జరుగు. మా పాత గాయనీగాయకులు కొందరు ఆ జరగడంలోనే సగం కంప్రెసర్ పని చేసేసేవారు.

నాకు తోచింది ఇది. నువ్వు చేస్తున్న ఈ మూడు పాటలకీ గొంతు మీద ఒక్క కంప్రెసరే పెట్టు, ఎల్‌ఏ-2ఏ తరహా ప్లగిన్ ఏదైనా ఫర్వాలేదు. నచ్చేదాకా సర్దుకుని, ఆ ట్రాకుని రెండర్ చేసి, అంటే కంప్రెసర్ పనితో సహా కొత్త ఫైలుగా మార్చి, ప్లగిన్ తీసేసి ముందుకెళ్ళు. ఏమీ వెయ్యని ఒరిజినల్ గొంతు మాత్రం వేరే ఫోల్డర్‌లో భద్రంగా దాచు. నాకు లేకపోయింది అదే.

వచ్చే శనివారం గౌతమి ఎక్స్‌ప్రెస్‌కి టికెట్ తీసుకున్నాను, ఆదివారం పొద్దున్నే అక్కడుంటాను. స్నేహితుడితో మాట్లాడాను, ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు స్టూడియో మనకిస్తానన్నాడు. హార్డ్ డిస్క్‌లో నీ డప్పు, నీ గొంతు, రెండూ ఏ ప్లగిన్ లేకుండా తెచ్చుకో. ఆ పెట్టె మీట నువ్వే తిప్పుదువుగాని. నేను ఈసారి కూడా గోడ వైపు తిరిగి కూర్చుంటాను. పెట్టె కొనే మాట ఆ తర్వాత మాట్లాడుకుందాం. అమ్మేవాళ్ళకి అడ్వాన్స్ మాత్రం అప్పటిదాకా ఇవ్వకు.

నాన్న