పాత చీర విప్పి కుట్టడం కూడా నేర్పండి

సంపాదకుల వారికి,

నమస్కారం. మీ పత్రికలో ఈమధ్య పర్యావరణానికి మేలు చేసే ఫ్యాషన్ గురించి ఒక పేజీ వేశారు. పాత జీన్స్‌తో సంచులు, అమ్మమ్మల చీరలతో గౌన్లు, ఫోటోలన్నీ బాగున్నాయి. డిజైనర్ ఎవరో రాశారు, చీర ఏ ఊరి నేతో రాశారు. ఆ గౌను కుట్టిన మనిషి గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. ఎంతసేపు పట్టింది, ఆమెకు ఎంత ముట్టింది అన్నది కూడా రాసి ఉంటే బాగుండేది. నేను తిరుపతి కొర్లగుంటలో కుట్టుమిషన్ మీద బతికే మనిషిని. నా దగ్గరికి వచ్చే పనిలో చాలా భాగం పాత బట్టల పనే. అందుకే రాయాలనిపించింది.

పాత పట్టుచీరతో ఫ్రాకు కుట్టడం, కొత్త గుడ్డతో కుట్టడం ఒకటే అనుకుంటారు. తాను నుంచి చింపిన కొత్త గుడ్డకు ఎక్కడ కత్తెర పెట్టినా ఒకటే బలం ఉంటుంది. బీరువాలో ఏళ్ల తరబడి ఒకే మడత మీద ఉన్న పట్టుకు అలా ఉండదు. మడత వెంబడే పోగు చచ్చిపోతుంది. పైకి కొత్త చీరలాగే మెరుస్తుంది గానీ, రెండు బొటనవేళ్లతో మెల్లగా లాగితే చిట్లుతుంది. అందుకని కత్తెర పట్టకముందే చీరంతా విప్పి, కిటికీకి అడ్డంగా పట్టి వెలుతురులో చూడాలి. పలచబడిన ప్రతి చోటా సుద్దతో గుర్తు పెట్టాలి. ఫాల్ విప్పాలి. ఫాల్ కింద దాక్కున్న గుడ్డ రంగు ఒకలా, ఎండకు తిరిగిన గుడ్డ రంగు ఇంకోలా ఉంటాయి. ఆ రెండూ పక్కపక్కన పడకుండా చూసుకోవాలి. పడుగు (నిలువు పోగు) ఎటు, పేక (అడ్డం పోగు) ఎటు అన్నది చూసుకుని, నీరసించిన గుడ్డ చంక దగ్గరికీ నడుము దగ్గరికీ రాకుండా కటింగ్ వేయాలి. జరీ అంచు బరువుకు పాత పట్టు వేలాడి చిరుగుతుంది కాబట్టి, అంచును విడిగా తీసి ఆ బరువు లోపలి నూలు లైనింగ్ మీద పడేట్టు కుట్టాలి. ఇదంతా అయ్యాకే మిషన్ దగ్గర కూర్చునేది.

చీర బాగుంటే ఆ ఐదున్నర మీటర్లలో పదేళ్ల పిల్లకు పావడా, జాకెట్టు వచ్చి, ఇంకా చేతిసంచికి గుడ్డ మిగులుతుంది. ఆ పిల్ల పెరిగితే వదలడానికి నడుము దగ్గరా కిందా మడత పెట్టి దాచిపెడతాను. మా అమ్మావాళ్ల కాలంలో పావడాకు అలా మడతలు పెట్టకుండా కుట్టేవాళ్లే కాదు. ఇప్పుడు రెడీమేడ్ బట్టల్లో లోపల పావు అంగుళం కూడా వదలడం లేదు. పిల్ల ఒక ఏడు పెరిగితే ఆ బట్ట అక్కడితో సరి.

లైనింగ్ జాకెట్టుకు 450 రూపాయలు చెబితే మాట్లాడకుండా ఇచ్చే వాళ్లు కూడా, పాత చీరను ఫ్రాకు చేయడానికి 900 అంటే, "ఏందక్కా, పాత గుడ్డకు ఇంత రేటా, ఆన్‌లైన్‌లో కొత్తదే వస్తుంది కదా" అంటారు. వస్తుంది, నిజమే. ఆ రేటుకు ఎట్లా వస్తోందో కూడా మనం ఆలోచించాలి. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో రానా ప్లాజా అనే భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. అందులో ఎక్కువమంది నాలాగా మిషన్ మీద కూర్చునే ఆడవాళ్లే. పగుళ్లు కనబడుతున్నాయని తెలిసీ వాళ్లను పనికి పిలిచారు. ఆ వార్త చదివినప్పటి నుంచి చవక బట్ట చేతిలో పట్టుకుంటే నాకు దాని కుట్టే కనబడుతుంది.

ఇక నీళ్లు. ఒక నూలు టీషర్టుకు పత్తి చేను నుంచి లెక్కేస్తే దాదాపు 2,700 లీటర్ల నీళ్లు పడతాయని ప్రపంచ వన్యప్రాణి నిధి వాళ్లు చెబుతుంటారు. ఎండాకాలం వస్తే కల్యాణి డ్యాంలో ఎంతుంది, తెలుగుగంగ నీళ్లు వస్తాయా రావా అని చూసుకునే ఊరు మనది. ఉన్న చొక్కాను ఇంకో రెండేళ్లు తొడిగించగలిగితే ఎవరో ఎక్కడో చేనుకు పెట్టాల్సిన నీళ్లు మిగులుతాయి.

నేను ఒక శిక్షణ కేంద్రంలో కుట్టు నేర్చుకున్నాను. పేపరు మీద కటింగ్, తర్వాత కొత్త గుడ్డ మీద జాకెట్టు, చుడీదార్, అంతే. పాత కుట్లు విప్పడం ఒక పని అని ఎవరూ చెప్పలేదు. అది నేర్పింది గాంధీ రోడ్డు పక్క సందులో పనిచేసిన ఒక పెద్దాయన. మేమంతా మాస్టర్ అనేవాళ్లం. చొక్కా కాలరు మడత దగ్గర అరిగి పోగులు లేస్తే, ఆయన బ్లేడుతో కాలరు విప్పి, అరిగిన వైపు కిందికి పోయేట్టు తిప్పి మళ్లీ కుట్టేవారు. చొక్కాకు సగం ఆయుష్షు మళ్లీ వచ్చేది. ప్యాంటు తొడల మధ్య అరిగితే, పాంచా (ప్యాంటు కాలి చివర) మడతలోంచి అదే గుడ్డ తీసి లోపల అతుకు వేసేవారు. రఫూ చేస్తే పోగుకు పోగు కలిసిపోయి చిరుగు ఎక్కడుందో వెతుక్కోవాల్సిందే. గుడ్డ లాగకూడదు, దారం కోయాలి, రెండు మూడు కుట్లకు ఒకటి కోస్తే మిగతాది దానంతటదే వస్తుంది అని నా చేతికి బ్లేడు ఇచ్చి నేర్పించారు. ఆయన పోయారు. కాలరు తిప్పి కుట్టే వాళ్లు ఇప్పుడు మా వీధిలో నేను కాక ఇంకెవరూ లేరు.

శ్రీకాళహస్తి కలంకారీ దుపట్టా ఒకటి నా దగ్గరికి వచ్చింది. నడుమ బాగా చిరిగింది, అంచుల్లో నెమళ్లూ తీగలూ చెక్కుచెదరలేదు. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద వెదురు కలంతో ఒక మనిషి కూర్చుని గీసిన బొమ్మలు అవి. నల్లగీత కోసం బెల్లం, ఇనుప ముక్కలు రోజుల తరబడి నానబెడతారు. అంత పని ఉన్న గుడ్డతో ఇల్లు తుడవడానికి ఎట్లా మనసొప్పుతుంది? బొమ్మ చుట్టూ పావు అంగుళం వదిలి కత్తిరించి, అంచు లోపలికి మడిచి, సాదా నూలు జాకెట్టు వీపు మీద చేత్తో హెమ్మింగ్ చేశాను. మిషన్ వేస్తే కుట్టు గీతను తొక్కేస్తుంది. ఆ జాకెట్టు వేసుకున్న మేడమ్ కాలేజీలో పాఠాలు చెబుతారు. తర్వాత వాళ్ల అత్తగారి వెంకటగిరి నూలు చీరలు మూట కట్టి తెచ్చారు. ఆ అత్తగారు పోయి ఏడాది అయింది, చీరలు దానం ఇవ్వడానికి మేడమ్‌కు చేతులు రాలేదట. బెంగళూరులో ఉద్యోగం చేసే ఆ పెద్దావిడ మనవరాలికి వాటితో కుర్తాలు కుట్టాను. వెంకటగిరి నూలు ఉతికేకొద్దీ మెత్తబడుతుంది. ఆ మెత్తదనం కొత్త గుడ్డలో దొరకదు.

ఇదే ఊళ్లో ఇంకో రకం వ్యాపారం కూడా ఉంది. పాత పట్టుచీరలు కొంటామని ఇంటింటికీ వస్తారు. అసలు జరీలో వెండి ఉంటుంది. వాళ్లకు కావలసింది ఆ వెండే. చీరను కాల్చి వెండి తీసుకుంటారు. చిరిగి చిరిగి ఇంక దేనికీ పనికిరాని చీర అయితే ఇవ్వండి, తప్పులేదు. ఇవ్వబోయే ముందు మాత్రం ఒక టైలరుకు చూపించండి అని నా మనవి. తిరుమలలో స్వామికి భక్తులు సమర్పించిన వస్త్రాలను టీటీడీ వేలం వేస్తుంది కదా, అందులో కొన్న చీరలు కూడా నా దగ్గరికి వస్తుంటాయి. స్వామి వస్త్రానికి కత్తెర పెట్టాలంటే కొందరు భయపడతారు. పసిబిడ్డ పావడాకో, పూజ పీట మీద పరిచే గుడ్డకో వాడమంటే ఒప్పుకుంటారు.

అన్నింటినీ కోసి కొత్తరకంగా కుట్టడం మంచిదని నేను చెప్పను. కట్టుకోవడానికి పనికొచ్చే చీరను సోఫా దిండ్ల కవర్లకు కోయమంటే నేను కోయను. ముందు కట్టుకోవాలి, చిరిగితే బాగుచేసుకోవాలి, అది కుదరనప్పుడు రూపం మార్చాలి. అన్ని గుడ్డలూ ఒకలా పనికి రావు కూడా. ఏ గుడ్డో తెలియకపోతే ఒక పోగు కాల్చి చూస్తాను. నూలు కాగితంలా కాలి బూడిద అవుతుంది, పట్టు కాలితే వెంట్రుకల వాసన వస్తుంది, పాలిస్టర్ కరిగి గట్టి పూసలా ఉండ కడుతుంది. ఆ మూడోది పసిపిల్లల బట్టలకు వాడను. చెమట పీల్చదు. దాన్ని పొడుగ్గా చీల్చి జడలు అల్లి డోర్‌మ్యాట్లు చేస్తాను. నూలు చీరలైతే నాలుగైదు పొరలు పరిచి, టాకాలు వేసి బొంత కుట్టిస్తాను. బొంతలు కుట్టే పెద్దవాళ్లు చంద్రగిరి వైపు పల్లెల్లో ఇంకా ఉన్నారు.

షాపుల్లో ఇప్పుడు రీసైకిల్ చేసిన పాలిస్టర్ అని ట్యాగ్ కట్టి అమ్ముతున్నారు. అది ఎక్కువగా పాత నీళ్ల సీసాల నుంచి తీసింది, పాత బట్టల నుంచి కాదు. సీసా మళ్లీ సీసా కావచ్చు. చొక్కా అయ్యాక, ఆ చొక్కా చివరికి చెత్తకుప్పకే పోతుంది. పాత బట్టలను చీల్చి నూలు తీసే ఊరు హర్యానాలోని పానిపట్. దేశమంతటి నుంచీ, విదేశాల నుంచీ మూటలు అక్కడికి పోతాయి, దుప్పట్లు అవుతాయి. అది కూడా అవసరమైన పనే. కానీ గుడ్డను చీల్చినప్పుడల్లా పోగు పొట్టిదవుతుంది, బలం తగ్గుతుంది. కొత్త పోగు కలపకపోతే మంచి నూలు రాదు. నూలూ పాలిస్టరూ కలిపి నేసిన గుడ్డలను విడదీయడం ఇంకా కష్టం. అందుకే గుడ్డను గుడ్డగానే ఎంత కాలం ఉంచగలిగితే అంత మేలు. ఆ పని చేసేది మిల్లులు కాదు, వీధి చివర టైలర్లు.

వేరే దేశాలు దీన్ని గుర్తించాయి. ఫ్రాన్స్‌లో బట్టలు, చెప్పులు బాగుచేయించుకుంటే బిల్లులో 6 నుంచి 25 యూరోల దాకా తగ్గించడం 2023 చివర్లో మొదలుపెట్టారు. ఆ డబ్బు బట్టల కంపెనీలు కట్టే రుసుము నుంచి వస్తుంది. ఐరోపా యూనియన్ దేశాల్లో 2025 జనవరి 1 నుంచి పాత బట్టలను విడిగా సేకరించాలనే నిబంధన వచ్చింది. మన దగ్గర అంత ఒక్కసారిగా అడగను. తడి చెత్తతో కలవకుండా నెలకు ఒకరోజు బట్టలు మాత్రమే తీసుకునేట్టు కార్పొరేషన్ బండిని పంపితే చాలు. సాంబారు తగిలిన పట్టును ఎవరూ బాగుచేయలేరు. మా టైలరు షాపుల కటింగ్ ముక్కలు కూడా ఆ బండికే ఇస్తాం. రంగుల వారీగా వేరుచేసి ఇమ్మన్నా ఇస్తాం.

నేను గట్టిగా అడిగేది మాత్రం ఇంకొకటి. ప్రభుత్వం, స్వచ్ఛంద సంస్థలు ఆడవాళ్లకు కుట్టు శిక్షణ ఇస్తున్నాయి, మిషన్లు కూడా ఇస్తున్నాయి. మంచిదే. కానీ ఆ అమ్మాయిలందరూ బయటికొచ్చి ఒకే జాకెట్టు ఒకే రేటుకు కుడుతున్నారు. పక్క వీధి అమ్మాయి పది రూపాయలు తగ్గిస్తే ఈ అమ్మాయి పదిహేను తగ్గిస్తుంది. టెన్షన్ తప్ప ఏం మిగలడం లేదు. అదే శిక్షణలో విప్పడం, కాలరు తిప్పడం, రఫూ, పాత పట్టుకు లైనింగ్ వేయడం, జీన్స్‌కు 16 నంబరు సూది ఎప్పుడు వాడాలో, గుడ్డ వయసు ఎట్లా చూడాలో నేర్పిస్తే వాళ్ల చేతిలో వేరే పని ఉంటుంది. ఈ పనికి ఇప్పుడు గిరాకీ ఉంది, చేసే చేతులు లేవు. శిక్షణ ఇచ్చే వాళ్లు రేటు పట్టిక కూడా చెప్పాలి. విప్పే గంటకు కూలి, కుట్టే గంటకు కూలితో సమానంగా ఉండాలి. విప్పేటప్పుడు కళ్లు ఇంకా ఎక్కువ పోతాయి.

కొర్లగుంట చుట్టుపక్కల ఏ శిక్షణ కేంద్రం వాళ్లు పిలిచినా వారానికి ఒక మధ్యాహ్నం వచ్చి నేర్పడానికి నేను సిద్ధం. పాత చీరలు, చొక్కాలు నేనే తెస్తాను. అమ్మాయిలు బ్లేడు, సుద్ద తెచ్చుకుంటే చాలు.

ఇట్లు,
కుట్టుపని చేసుకునే ఒక పాఠకురాలు,
కొర్లగుంట, తిరుపతి.