ట్రై పెడితే ప్రోగ్రాం నెమ్మదిస్తుందా?

సంపాదకులు గారికి నమస్కారం.

వరంగల్, హనుమకొండ, కరీంనగర్ ఇంజనీరింగ్ కళాశాలల్లో ప్రాంగణ నియామకాలు దగ్గర పడినప్పుడల్లా విద్యార్థుల నోట ఒక మాట వినబడుతుంది: ప్రోగ్రాంలో పొరపాటు వస్తే పట్టుకుని సర్దుకునే ట్రై, క్యాచ్‌లు పెడితే వేగం తగ్గుతుందని, కాబట్టి వీలైనన్ని తీసేయాలని. సీనియర్లు జూనియర్లకు చెబుతున్నారు, వాళ్లు నోట్సులో రాసుకొని ఇంటర్వ్యూలో అప్పజెబుతున్నారు. ప్రోగ్రాంను యంత్రం నడిపే ఆదేశాలుగా మార్చే కంపైలర్ల పాఠం హనుమకొండలో పదకొండేళ్లుగా చెబుతున్న నేను, ఈ మాట చేసే నష్టాన్ని ఈ మధ్య ల్యాబులో కళ్లారా చూసి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మూడో సంవత్సరం విద్యార్థి ఒకరు, మిరప రైతు కొడుకు, ఏనుమాముల మార్కెట్లో కాంటా వేసిన బస్తాల తూకాలను ఫైలులోంచి చదివి మొత్తం కట్టే ప్రోగ్రాం జావాలో రాశాడు. అక్షరాలను అంకెగా మార్చే చోట మొదట ట్రై పెట్టుకున్నాడు. వేగం పెరుగుతుందని ఎవరో చెబితే తీసేశాడు. ఫైలులో 412వ వరుసలో తూకం ఉండాల్సిన చోట ఎవరో ఒక గీత మాత్రం పెట్టి వదిలేశారు. ప్రోగ్రాం అక్కడే కూలిపోయింది, ఆ తరువాతి బస్తాలేవీ లెక్కకు రాలేదు. ఎందుకు తీసేశావని అడిగితే, "ట్రై ఉంటే స్లో అయితది గద సార్" అన్నాడు. అందరూ చెప్పేదే అతడూ చెప్పాడు గనుక కోప్పడలేదు. ట్రైని మళ్లీ పెట్టించి, కంపైల్ చేయించి, కంపైలర్ తయారు చేసిన క్లాస్ ఫైలును జావాప్ అనే పనిముట్టుతో విప్పి పక్కనే కూర్చుని చూపించాను.

అందులో ట్రై అనే పనికి ఒక్క ఆదేశం కూడా లేదు. అంకెగా మార్చే ఆదేశాలు ట్రై లేనప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. అవి ముగిసిన చోట క్యాచ్ భాగాన్ని దాటిపోవడానికి ఒక గోటూ మాత్రం చేరింది. అన్నిటికీ అడుగున ఎక్సెప్షన్ టేబుల్ అని చిన్న పట్టిక, ఫ్రం, టు, టార్గెట్, టైప్ అనే నాలుగు గడులు, వాటి కింద 12, 24, 27 అనే అంకెలు, చివర నంబర్ ఫార్మాట్ ఎక్సెప్షన్ అనే పేరు, అంటే అంకెగా మారని అక్షరాలు వచ్చాయన్న పొరపాటు సంకేతం. 12 మొదలుకొని 24కు ముందు వరకు ఉన్న ఆదేశాల్లో ఏదైనా ఆ ఎక్సెప్షన్ విసిరితే 27కు వెళ్లమని దాని అర్థం. క్లాస్ ఫైలులో ఈ వరుసకు పట్టే చోటు 8 బైట్లు. గీత లేని వరుసలు చదువుతున్నంత సేపూ ఈ పట్టికను ఎవరూ తెరవరు.

మన చెరువు మత్తడి తెలిసిన వాళ్లకు ఇది వేరుగా వివరించనక్కర లేదు. పాకాల అయినా, రామప్ప అయినా, రోజూ పొలాలకు నీళ్లు పోయేది తూము గుండానే. మత్తడి ఒక పక్కన ఉంటుంది, దాని వల్ల తూము నీటి వేగం ఏ మాత్రం తగ్గదు, చెరువు నిండి మత్తడి దుంకిన నాడే దానితో పని. మత్తడి తీసేస్తే తూములో నీళ్లు ఎక్కువ పారవు, కట్ట తెగుతుంది.

ఈ అపోహ గాలిలోంచి పుట్టలేదని కూడా చెప్పాలి. ఒకప్పుడు అది నిజమే. ఉన్న చోటును గుర్తుపెట్టుకుని తరువాత అక్కడికే గెంతే సెట్‌జంప్, లాంగ్‌జంప్ పద్ధతిలో పనిచేసిన పాత కంపైలర్లు ట్రైలోకి అడుగు పెట్టిన ప్రతిసారీ ప్రాసెసర్ రిజిస్టర్ల విలువలను దాచుకునేవి. 32 బిట్ల విండోస్‌లో ట్రై ఉన్న ప్రతి ఫంక్షన్‌కూ ఒక గొలుసులో కొత్త లంకె కలిపి, బయటకు వచ్చేటప్పుడు విప్పేవారు. పొరపాటు జరిగినా జరగకపోయినా ఆ ఖర్చు తప్పేది కాదు. సీ ప్లస్ ప్లస్ కంపైలర్లు చాలాచోట్ల ఆ పద్ధతిని వదిలి పట్టికల పద్ధతికి వచ్చాయి, 64 బిట్ల విండోస్‌లోనూ పట్టికలే. పైథాన్ ఈ దారికి ఆలస్యంగా, 2022 అక్టోబరులో వచ్చిన 3.11తో చేరింది, అంతకు ముందు ట్రై దగ్గర ఒక సెటప్ ఆదేశం నడిచేది, ఇప్పుడు అదీ లేదు. పాత పుస్తకాల నుంచి దిగుమతైన జాగ్రత్తను నేటి పిల్లల మీద మోపుతున్నాం.

ఈ పట్టికల పద్ధతికి జీరో కాస్ట్, అంటే ఖర్చు లేనిది, అని పేరు పెట్టారు కానీ ఆ పేరును అక్షరాలా నమ్మడం కూడా ప్రమాదమే. పట్టికల వల్ల ఫైలు పెరుగుతుంది. క్లాంగ్ కంపైలర్‌కు ఆధారమైన ఎల్ఎల్‌వీఎం ప్రాజెక్టు, ఫైలు పరిమాణం తగ్గించేందుకే, తన సొంత కోడులో ఎక్సెప్షన్లను వాడకూడదని నియమం పెట్టుకుంది. అసలు భారం విసిరినప్పుడు పడుతుంది. సీ ప్లస్ ప్లస్‌లో త్రో, అంటే విసరడం, జరిగితే రన్‌టైం మొదట పట్టుకునే వాళ్లు ఎక్కడున్నారో ఒకదాన్నొకటి పిలిచిన ఫంక్షన్ల వరుస అయిన స్టాక్ వెంట ఒక్కొక్క ఫంక్షన్ పట్టిక తిరగేస్తూ వెతుకుతుంది, దొరికాక రెండోసారి అదే దారిలో నడుస్తూ ఒక్కొక్క వస్తువును శుభ్రం చేస్తూ వస్తుంది. జావాలో ఎక్సెప్షన్ వస్తువు పుట్టేటప్పుడు ఏ ఫంక్షన్ల గుండా అక్కడికి వచ్చిందో చెప్పే స్టాక్ ట్రేస్‌ను నింపడమే పెద్ద పని, స్టాక్ లోతు పెరిగిన కొద్దీ అదీ పెరుగుతుంది. అందుకే లూప్ ముగిసిందని తెలుసుకోవడానికి, జాబితాలో పేరు లేదని చెప్పడానికి ఎక్సెప్షన్ విసిరే అలవాటును నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. రోజూ మత్తడి మీదుగా పొలానికి నీళ్లు పెట్టుకోవడం లాంటిదది.

విద్యార్థులకు ఎవరూ చెప్పని ఖర్చు ఇంకొకటి ఉంది, కంపైలర్ చేతులు కట్టేసే ఖర్చు. జావా నియమం ప్రకారం ఎక్సెప్షన్ వచ్చిన చోటుకు ముందు జరగాల్సినవన్నీ జరిగి ఉండాలి, తరువాతివి ఏవీ జరిగి ఉండకూడదు. కాబట్టి అరే (విలువల వరుస) హద్దు దాటే అవకాశమున్న ఆదేశానికి అటూ ఇటూ పనులను ఇష్టం వచ్చినట్టు జరపడానికి కంపైలర్‌కు వీలుండదు. హద్దుల తనిఖీని లూపుకు ముందే ఒకసారి చేసి లోపల తీసేయడం, చిన్న ఫంక్షన్‌ను పిలిచిన చోటే కలిపేసి విసరడాన్నీ పట్టుకోవడాన్నీ మామూలు గెంతుగా మార్చడం వంటివి ఈ బంధనంలోనే కంపైలర్లు వెతుక్కున్న దారులు. సీ ప్లస్ ప్లస్‌లో 2011లో వచ్చిన నోఎక్సెప్ట్ అనేది ఈ ఫంక్షన్ ఏదీ విసరదని ప్రోగ్రామర్ ఇచ్చే మాట. మాట తప్పితే ప్రోగ్రాం అక్కడికక్కడే ఆగిపోతుంది.

కంపైలర్ చేసే సాయం తెలియకపోతే ఏమవుతుందో నేను స్వయంగా అనుభవించాను. అధ్యాపకుణ్ని కాక ముందు హైదరాబాద్‌లో ఒక సంస్థలో పనిచేసేటప్పుడు, లాగ్ ఫైలులో, లేని వస్తువును వాడబోతే వచ్చే నల్ పాయింటర్ ఎక్సెప్షన్ అనే ఒక్క వరుసే వేలసార్లు వచ్చి పడింది. ఏ ఫైలు, ఏ వరుస అన్న వివరం ఎక్కడా లేదు. రెండు రాత్రులు నిద్ర లేదు. జావా ప్రోగ్రాం నడుస్తుండగానే కంపైల్ చేసే హాట్‌స్పాట్ కంపైలర్ ఒకే చోట ఇలాంటి ఎక్సెప్షన్ పదే పదే రావడం గమనిస్తే, కోడును మళ్లీ కంపైల్ చేసి, ముందే తయారు చేసి పెట్టుకున్న, స్టాక్ ట్రేస్ లేని వస్తువును విసురుతుందని అప్పటికి నాకు తెలియదు. ఒమిట్ స్టాక్ ట్రేస్ ఇన్ ఫాస్ట్ త్రో అనే ఆ సౌకర్యం మామూలుగా పనిచేస్తూనే ఉంటుంది, కావాలంటే ఆపేయవచ్చు. లాగ్‌ను వెనక్కి, రెండు రోజుల కిందటికి తిప్పితే మొదటి ఎక్సెప్షన్ దగ్గర పూర్తి ట్రేస్ దొరికింది. తప్పు ఒకే ఒక్క వరుసలో ఉంది. ఆ సంగతి నాకు ఏ తరగతిలోనూ ఎవరూ చెప్పలేదు, అందుకే ఇప్పుడు నా తరగతిలో తప్పకుండా చెబుతున్నాను.

భారం తగ్గించాలని రక్షణను వదిలేస్తే ఎంత దూరం పోతుందో 1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలో ఆరియాన్ 5 తొలి రాకెట్ చూపించింది. 64 బిట్ల దశాంశ విలువను 16 బిట్ల పూర్ణాంకంగా మార్చబోతే అది పట్టలేదు, ఎక్సెప్షన్ లేచింది, పట్టుకునే వాళ్లు లేరు, గమనాన్ని కొలిచే కంప్యూటర్లు రెండూ ఒకే కారణంతో ఆగిపోయాయి, నిమిషం తిరగక ముందే రాకెట్ ముక్కలైంది. అటువంటి మార్పులు జరిగే ఏడు విలువలలో నాలుగింటికే రక్షణ పెట్టారని, కంప్యూటర్ పనిభారం 80 శాతం దాటకూడదన్న లక్ష్యం వల్ల మూడింటిని వదిలేశారని విచారణ నివేదిక చెప్పింది. అక్కడి ఇంజనీర్లు ఆ మూడూ హద్దు దాటవని ఆలోచించే వదిలారు, అయితే ఆ ఆలోచన ఆరియాన్ 4 ప్రయాణ మార్గానికి సరిపోయింది గాని దీనికి కాదు. మన విద్యార్థులు అంత మాత్రం ఆలోచన కూడా లేకుండా, కొలిచి చూడకుండా తీసేస్తున్నారు.

ఉమ్మడి వరంగల్ జిల్లా కళాశాలల్లోని తోటి అధ్యాపకులకు నా మనవి ఒక్కటే. ట్రై, క్యాచ్ పాఠం చెప్పిన రోజునే ల్యాబులో జావాప్ తెరిపించి ఆ పట్టికను పిల్లల చేత చదివించండి, ట్రై ఉన్న లూపునూ లేని లూపునూ వాళ్ల చేతనే గడియారం పెట్టి కొలిపించండి, ఆ తరువాత విసిరే లూపును కూడా కొలిపించండి. గంటలో అయ్యే పని, దీనికి ఇంటర్నెట్ కూడా అవసరం లేదు. మీ పత్రిక విద్యా పేజీలో ఇంటర్వ్యూ ప్రశ్నలకు జవాబులు వేస్తున్నారు గనుక, ఈ ప్రశ్నకు జవాబు వేసేటప్పుడు 'ట్రై వల్ల కాదు, త్రో వల్ల' అన్న వివరణను తెలుగులో ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
కంప్యూటర్ సైన్స్ అధ్యాపకుడు,
హనుమకొండ.