తెగిన వేలు ఎలా తేవాలో ఊళ్లకు చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

మా అనకాపల్లి వైపు బెల్లం వంటలు మొదలైతే గానుగల దగ్గర తెల్లవారుజామునుంచే పని. చెరకు గడతోపాటు చొక్కా చెయ్యి రోళ్లలోకి పోయిందంటే ఏం జరుగుతుందో ఇక్కడ అందరికీ తెలుసు. తర్వాత ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

కిందటేడు మా ఊళ్లో ఒక కుర్రాడికి గడ్డి కత్తిరించే మిషన్‌లో రెండు వేళ్లు తెగాయి. ఇంట్లోవాళ్లు గడ్డిలో వెతికి మరీ వాటిని తీసుకెళ్లారు. అయితే స్టీలు గ్లాసులో ఐసుముక్కల మధ్య నేరుగా వేశారు. ఆస్పత్రికి చేరేసరికి అవి గడ్డకట్టి పాలిపోయాయి. అతకడం కుదరదన్నారు. ఆ తల్లి ఇప్పటికీ తనవల్లే పోయాయని కుమిలిపోతోంది. ఆమె తప్పేముంది?

తెగిన భాగాన్ని శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, నీళ్లు చొరని కవర్‌లో పెట్టి మూతి కట్టి, ఆ కవర్‌ను ఐసు వేసిన నీళ్లలో ఉంచాలి. ఐసు వేలికి తగలకూడదు. గాయానికి పసుపు, కాఫీపొడి అద్దకుండా శుభ్రమైన గుడ్డతో అదిమిపట్టి, చెయ్యి పైకెత్తి ఉంచాలి. ఇంతే. మణికట్టు పైన తెగితే గడువు మరీ తక్కువ. చల్లగా ఉంచకపోతే ఆరు గంటల్లో కండ చచ్చుబడుతుంది. వేలికి కండ ఉండదు కనుక ఇంకాస్త వ్యవధి ఉంటుంది.

బొటనవేలిని తిరిగి అతికించడం జపాన్‌లో 1965లోనే సాధించారు. రోళ్లలో నలిగిన చెయ్యి అన్నిసార్లూ అతకదు, నిజమే. అలాంటప్పుడు కూడా గజ్జ దగ్గరి చర్మానికి చేతిని కుట్టి సుమారు మూడు వారాలు ఉంచి గాయాన్ని కప్పుతారు, బొటనవేలు లేకపోతే కాలివేలు తెచ్చి అమరుస్తారు. చేతి పనిలో దాదాపు 40 శాతం బొటనవేలిదే మరి.

ఇన్ని దారులున్నా మనవాళ్లు ముందు ఆర్‌ఎంపీ దగ్గరికి, అక్కణ్నుంచి ఏరియా ఆస్పత్రికి, ఆపైన విశాఖకు తిరిగేసరికి పొద్దు గుంకుతోంది. తెగిన సన్నని రక్తనాళాలను మైక్రోస్కోపు కింద కలిపి కుట్టే మైక్రోసర్జరీ రాత్రీపగలూ ఎక్కడ దొరుకుతుందో 108 సిబ్బంది దగ్గర జాబితా ఉండాలి, బండి నేరుగా అక్కడికే వెళ్లాలి. ఈసారి గానుగలు తిరగకముందే బెల్లం మార్కెట్‌యార్డులో, రైతు సేవా కేంద్రాల్లో, పీహెచ్‌సీల్లో ఈ పద్ధతిని బొమ్మలతో గోడమీద వేయించాలని జిల్లా వైద్యాధికారులను కోరుతున్నాను.

— ఒక చెరకు రైతు, అనకాపల్లి జిల్లా