మంత్రి గారూ, మా నిప్పుకు ఇంట్లో చోటేది?

గౌరవనీయులైన రాష్ట్ర గృహనిర్మాణ శాఖ మంత్రి గారికి,

శ్రీకాకుళం జిల్లా మందస మండలంలో, కొండ వారన ఉన్న ఒక సవర గిరిజనుల గూడెం నుంచి నమస్కరించి రాస్తున్నాను.

ముందుగా ఇల్లు ఇచ్చినందుకు కృతజ్ఞతలు. మర్యాద కోసం అంటున్న మాట కాదిది. పాత ఇంటి వాసాలు పుచ్చిపోయి, వానాకాలమంతా నీళ్లు కారే చోటల్లా గిన్నెలు పెట్టుకుంటూ తిరిగినవాళ్లం. స్లాబు విలువ మాకు తెలుసు. అయితే ఆ స్లాబు కింద చలికాలం ఎలా గడపాలో చెప్పమని మండల కార్యాలయంలో అడిగాం, సోమవారం గ్రీవెన్సులో అడిగాం. అడిగిన ప్రతిసారీ అర్జీ తీసుకున్నారు, రసీదు ఇచ్చారు. కొన్నాళ్లకు 'మీ అర్జీ పరిష్కరించబడినది' అని ఫోనుకు సందేశం వచ్చింది. ఏం పరిష్కరించారో మాకు తెలియదు. మా గుమ్మం ఎవరూ తొక్కలేదు. అందుకే నలుగురూ చదివేలా రాయాల్సి వస్తోంది.

విషయం కట్టెల గురించి. గ్యాస్ ఇచ్చాక కూడా కట్టెలేమిటని కింది అధికారులు అడిగినట్టే మీరూ అడుగుతారేమో. వంట సంగతి కాసేపు పక్కన పెట్టండి. మాకు చలి ఉంది. 1,501 మీటర్ల మహేంద్రగిరి ఒడిశాలోనే ఉంది, నిజమే. దాని మీద నుంచి దిగే గాలి సరిహద్దు చూసుకుని ఆగదు కదా. కార్తీకం వెళ్లింది మొదలు, శివరాత్రికి చలి శివశివా అంటూ పోయేదాకా మా ఇళ్లలో రాత్రంతా నిప్పు ఉండాలి. ముసలివాళ్లు తెల్లవారుజామున లేచి ముందు వెతికేది నిప్పునే. బాలింత ఉన్న ఇంట్లో నిప్పు ఆరనివ్వరు. భోగి నాడు వీధిలో నాలుగు దుంగలు తగలబెట్టి చలి పనైపోయిందనుకునే పట్టణంవాళ్లకు ఇదంతా వేడుకలా కనిపించవచ్చు. మాకున్న దుప్పట్లు నిప్పు తోడు లేకుండా ఆ చలికి ఆగవు.

పల్లెలో కట్టే ఇల్లు కనీసం 25 చదరపు మీటర్లు ఉండాలని, అందులో పరిశుభ్రమైన వంటకు ప్రత్యేక స్థలం ఉండాలని ఆవాస్ యోజన నిబంధనల్లో రాశారు. ఉంది. గోడ వారగా సిమెంటు గట్టు, దాని మీద గ్యాస్ పొయ్యి పట్టేంత జాగా. కాగితం ప్రకారం ఏ లోపమూ లేదు. నిప్పు వేసుకునే చోటు, పొగ పోయే దారి, కట్టెలు పెట్టుకునే మూల మాత్రం మాకు చూపించిన నమూనాలో లేవు. అది గీసినవారు ఏ జనవరిలోనో ఒక్క రాత్రి మా వైపు పడుకుని ఉంటే ఉండేవేమో.

మా పాత ఇంట్లో పొయ్యి ఒక మూలన ఉండేది. దాని మీద చేతికందే ఎత్తులో వెదురు అటక. కట్టెలన్నీ అటక మీదే. కింద వండుతుంటే పైన కట్టె ఆరేది; రేపటి కట్టెను ఇవాళ్టి నిప్పే ఎండబెట్టేది. విత్తనానికి దాచిన మొక్కజొన్న కంకులు, చోడి గింజల మూట కూడా ఆ పొగలోనే వేలాడేవి, పురుగు పట్టేది కాదు. అటక వెదుళ్లు మసి పట్టి నల్లగా నిగనిగలాడేవి. పొగ పెంకుల సందుల్లోంచి తన దారిన తాను పోయేది. కళ్లు మండేవి, దగ్గు వచ్చేది, కాదనను. పొగ మంచిదని వాదించడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఇళ్లలోని పొగ వల్ల 2020లో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మా అమ్మ దగ్గు విన్నవాళ్లకు ఆ అంచనా ఆశ్చర్యం కలిగించదు. కానీ పొగకు దారి ఉన్న ఇల్లు పడగొట్టించి, దారి లేని ఇల్లు కట్టించి, ఇక మీకు పొగ బాధ తీరిపోయిందంటే ఎలా ఒప్పుకోవాలి?

ఇప్పుడు మా కట్టె ఎక్కడుంది? ఆరుబయట. అది ఊరికే వచ్చిన కట్టె కాదు. ఎండల్లో కొండెక్కి, ఎండి విరిగిపడిన కొమ్మలు ఏరి, సమంగా నరికి, అడ్డతీగ నారతో మోపు కట్టి, నెత్తి మీద చుట్టకుదురు పెట్టుకుని దింపుకున్నది. ఏది పడితే అది తేలేం కూడా. మునగ, బూరుగు పొయ్యికి పనికిరావు. చింతమొద్దు దొరికితే ఆ రోజు పండగే, రాత్రి పెట్టిన నిప్పు తెల్లవారేదాకా కణకణలాడుతుంది. పచ్చికట్టె బరువులో దాదాపు సగం నీళ్లే. అది ఎండడానికి నెలలు పడుతుంది. అన్ని నెలలు ఎండిన కట్టె ఒక్క ముసురుకు నాని, వెలిగిస్తే మండకుండా పొగలే కక్కుతుంది.

మన తీరానికి తుపానులు ఎప్పుడొస్తాయో మీకు నేను చెప్పాలా? అక్టోబరు, నవంబరు. సరిగ్గా చలికి ముందు. 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చినప్పుడు మందస, వజ్రపుకొత్తూరు, సోంపేట, కవిటి మండలాల్లో జీడిచెట్లు, కొబ్బరిచెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. ఎటు చూసినా కట్టే, పొయ్యిలో మండేది ఒక్కటీ లేదు. ఆ చలికాలం మమ్మల్ని గట్టెక్కించింది పాత ఇంటి అటక మీది కట్టె. ఇప్పుడు అలాంటి తుపాను మళ్లీ వస్తే స్లాబు మమ్మల్ని వాన నుంచి కాపాడుతుంది, సంతోషం. ఆ తర్వాత మూడు నెలల చలి నుంచి ఎవరు కాపాడతారు?

ఫోటో సంగతి కూడా మీకు తెలియాలి. చివరి బిల్లుకు ఫోటో తీయడానికి ఒక ఉద్యోగి వచ్చారు. అప్పటికి మేము గోడ పక్కన నాలుగు గుంజలు పాతి, టార్పాలిన్ కప్పి, కట్టెలు పేర్చుకున్నాం. ఆయన ఫోను ఎత్తి చూసి, ఇల్లు పూర్తిగా కనిపించడం లేదు, అదంతా తీసేయండి అన్నారు. "బాబూ, మబ్బు పట్టింది, కాస్త అటు జరిగి తీసుకోండి" అని మా అత్తగారు బతిమాలారు. యాప్ ఒప్పుకోదన్నారు. తీసేశాం. గుంజలు పీకి, కట్టెలు వాకిట్లో దూరంగా వేశాం. ఆయన ఫోటో తీసుకుని బండెక్కారు. మేము మళ్లీ గుంజలు పాతేలోపే వాన అందుకుంది. ఫోటోలో మా ఇల్లు చాలా బాగుంది సార్. చూసినవాళ్లు ఈ ఇంట్లో మనుషులకు నిప్పుతో పనే లేదనుకుంటారు.

తడికట్టె ఇంట్లో వెలిగించలేం. కాబట్టి బయట కాల్చి, నిప్పులు కుంపట్లో వేసి లోపలికి తెచ్చుకుంటున్నాం. తలుపు మూస్తే వెచ్చగానే ఉంటుంది. కిటికీ ఇనుపది, బిగుతుగా పడుతుంది, గోడలకు ఎక్కడా సందు లేదు. పోయిన చలికాలం మా ఆడపడుచు అలాగే పడుకుని, తెల్లవారుజామున తల పగిలిపోతోందంటూ లేచి, గుమ్మం దాకా రాలేక కూలబడిపోయింది. అత్తగారు తలుపు బార్లా తీసి బయటికి లాక్కొచ్చారు కాబట్టి మనిషి దక్కింది. బొగ్గునిప్పుల మీద వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదని, కంటికి కనిపించదని, మూసిన గదిలో అది నిద్రలోనే ప్రాణం తీస్తుందని తర్వాత నర్సమ్మ చెప్పింది. తలుపు తెరిచి పడుకోమంది. తలుపు తెరిచి పడుకునేట్టయితే కుంపటి ఎందుకు? ఈ సంగతి కూడా అర్జీలో రాశాం. అదీ పరిష్కరించబడినది.

గోడకు మేమే కన్నం పెట్టుకుని గొట్టం వేసుకుంటామని ఇల్లు కడుతున్నప్పుడే అడిగాం. నమూనా మారిస్తే బిల్లు ఆగుతుందన్నారు. బిల్లు ఆగితే ఇల్లే ఆగుతుంది, నోరు మూసుకున్నాం. గ్యాస్ ఉండగా గొట్టం దేనికని కూడా అన్నారు.

ఆ గ్యాస్ సంగతికి వస్తాను. దీపం-2ను ముఖ్యమంత్రి గారు 2024 నవంబరు 1న మన జిల్లాలోనే, ఇచ్ఛాపురం మండలం ఈదుపురంలో ప్రారంభించారు. ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. వద్దనడం లేదు, పొద్దున్నే పిల్లలకు వండిపెట్టడం తేలికైంది. 14.2 కిలోల గ్యాసుకు సిలిండర్ బరువు కలిపితే 30 కిలోల దాకా ఉంటుంది. గ్యాస్ బండి తారురోడ్డు దగ్గరే ఆగిపోతుంది, అక్కడి నుంచి గూడెం దాకా మా మగవాళ్ల భుజాలే. అలా మోసి తెచ్చుకున్న గ్యాస్‌ను చలి కాచుకోవడానికి తెల్లవార్లూ వెలిగించుకోమంటారా? అలా అయితే మూడు కాదు, ముప్పై ఇప్పించండి.

అడవిలో మోపులు దింపించి గొడ్డళ్లు లాక్కునే సిబ్బంది కూడా ఇదే మాట అంటున్నారు, గ్యాస్ ఇచ్చారుగా అని. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల జాబితాలో పొదకర్రను, మోళ్లను కూడా చేర్చింది. అవి ఏరుకునే హక్కు మాకుందని ఆ చట్టమే చెబుతోంది. అది మీ శాఖ కాదంటారు, తెలుసు. గిరిజన సంక్షేమం వారిని అడుగుదామంటే, 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు మా గిరిజనుల పనులు చూసే సీతంపేట ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) పార్వతీపురం మన్యం జిల్లాకు వెళ్లింది, మేము శ్రీకాకుళంలో ఉండిపోయాం. ఇల్లు ఒక శాఖ, గ్యాస్ ఒక శాఖ, అడవి ఇంకో శాఖ. చలిని ఏ శాఖకు అప్పగించారో కనుక్కుని చెబితే అర్జీ అక్కడే ఇచ్చుకుంటాం.

అంతవరకు మిమ్మల్నే అడుగుతాం, ఇల్లు మీది కాబట్టి. పొగ పోయే దారి ఇప్పించండి. పెద్ద ఖర్చేమీ కాదు. 1980లలో ఊరూరా పొగరాని పొయ్యిలు వేయించి, గోడలోంచి పొగగొట్టం బయటికి పెట్టించింది ప్రభుత్వమే. అప్పుడు చేతనైనది ఇప్పుడెందుకు కాదు? 2025లో ఇళ్లకు అదనపు సాయంగా ఎస్టీలకు 75 వేలు, వాళ్లలోనూ మరీ వెనుకబడిన తెగలకు (పీవీటీజీలకు) లక్ష రూపాయలు ప్రకటించారు. ఆ డబ్బులో ఒక గొట్టానికి, గోడ పక్కన కట్టెలు తడవకుండా నాలుగు రేకులకు చోటు లేదా? మేము కట్టుకుంటామన్నా ఒప్పుకోరా? కనీసం ఫోటో కోసం కట్టెలు తీయించవద్దని మీవాళ్లకు చెప్పండి. మళ్లీ చెబుతున్నాను, కట్టెకు గ్యాస్ బదులనే మాట ముందు మానిపించండి. ఆ ఒక్క మాట అడ్డం పెట్టుకునే అందరూ మమ్మల్ని వెనక్కి పంపుతున్నారు.

మా గూడెంలో ఇంకా కొన్ని ఇళ్లు పునాది దాటలేదు. గోడలు లేచాక కన్నం పెట్టాలంటే మళ్లీ నమూనా, మళ్లీ బిల్లు అంటారు. కాబట్టి నవంబరు దాకా ఆగకుండా, పొగగొట్టానికి దారి వదిలితే బిల్లు ఆపకూడదని ఒక్క ఉత్తర్వు ఇప్పించండి. మా ఇంటి సంగతి ఆ తర్వాత చూసినా సరే. ఉత్తర్వు నకలు మా ఊరి సచివాలయానికి పంపమని కూడా అందులోనే రాయించండి, లేకపోతే మాకేమీ రాలేదంటారు.

ఇట్లు,
మందస కొండల కింది గూడెం నుంచి
ఒక ఇల్లాలు