అక్టోబరు వార్తాలేఖ: హాలోవీన్ సాయంత్రం పిల్లల పక్కన నడవండి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

గత ఆదివారం తరగతులు ముగిశాక పార్కింగ్ లాట్‌లో జరిగినదాని మీద వాట్సాప్‌లో రకరకాల మాటలు వినబడుతున్నాయి కనుక, జరిగింది జరిగినట్టు చెబుతున్నాను. పిల్లలు వేషాలు కట్టి ఇరుగుపొరుగు ఇళ్లకు వెళ్లే హాలోవీన్ పండుగ కోసం వేషం వేసుకుని వచ్చిన రెండో తరగతి బాబు, ప్లాస్టిక్ మాస్క్ పక్కకు జరిగి ఒక కన్ను పూర్తిగా మూసుకుపోగా, ఆగి ఉన్న రెండు వ్యాన్ల మధ్య నుంచి పరుగెత్తి, రివర్స్‌లో వస్తున్న కారుకు అడ్డంగా వచ్చేశాడు. కారు సమయానికి ఆగింది. బాబుకు మోకాలు గీసుకుపోవడం తప్ప మరే దెబ్బా తగల్లేదు. తప్పెవరిదన్న వాదన ఇక చాలించి, ఈ శుక్రవారం, అక్టోబరు 31 సాయంత్రం గురించి ఆలోచించమని కోరుతున్నాను.

ఆ రోజు మన న్యూజెర్సీలో ఆరు గంటలకు కాస్త ముందే పొద్దుగూకుతుంది, పిల్లలు చాక్లెట్ల కోసం ఇల్లిల్లూ తిరిగేదీ ఆ వేళలోనే. అమెరికాలో 1975 నుంచి 2016 వరకు జరిగిన రోడ్డు ప్రమాదాలను పరిశీలించిన పరిశోధకులు, వారం ముందూ వారం తర్వాతా అదే సాయంత్రాలతో పోలిస్తే హాలోవీన్ నాడు పాదచారుల మరణాలు 43 శాతం ఎక్కువని, 4 నుంచి 8 ఏళ్ల పిల్లలకైతే ముప్పు పది రెట్లని తేల్చారు. మన బడిలో చాలామందిది ఆ వయసే. అందుకే మాస్కులు వద్దని గట్టిగా చెబుతున్నాను. మన పగటివేషగాళ్లు ముఖానికి రంగులు పూసుకునే దేవుళ్లను, రాజులను ఊరి ముందు నిలబెట్టారు. మన పిల్లలకూ ఆ రంగులు చాలు. వేషం చీలమండ దాటి జారకూడదు. నల్ల దుస్తులకు ముందూ వెనకా వెలుగు పడితే మెరిసే టేపు అంటించండి.

ఈ విషయంలో మా ఐదో తరగతి పిల్లలు నా కన్నా ముందే మేల్కొన్నారు. రాణీ రుద్రమ వేషం కట్టిన అమ్మాయి తన అట్టకత్తి పిడికి ఆ టేపు చుట్టి, మిగిలినది చిన్నపిల్లల సంచులన్నిటికీ అంటించి, గదిలో లైట్లు ఆర్పి టార్చి వేసి, ఎవరు కనబడుతున్నారో ఎవరు కనబడటం లేదో ఒక్కొక్కరినీ నిలబెట్టి చూసింది. ఆ శ్రద్ధ చూసి నాకు కళ్లు చెమర్చాయి.

పెద్దలకు ఒక విన్నపం. పిల్లలను ముందు పంపి మీరు కారులో మెల్లగా వెనక రావడం, ఆఫీసు కాల్ చెవిలో పెట్టుకుని వీధి చివర నిలబడటం తోడు వెళ్లడం కాదు. మీకు తీరిక ఉండదని తెలుసు. అయినా ఆ ఒక్క సాయంత్రం ఫోను జేబులో పెట్టి పిల్లల చెయ్యి పట్టుకుని నడవండి. వేరుశనగ, జీడిపప్పు పడని పిల్లలున్నారు కనుక, ఇంటికొచ్చి మీరు లేబుల్ చదివేదాకా ఏదీ నోట పెట్టనివ్వకండి. గుమ్మంలో నీలిపచ్చ గుమ్మడికాయ ఉన్న ఇంట్లో తినుబండారాలకు బదులు బొమ్మలు, స్టిక్కర్లు కూడా దొరుకుతాయి.

నవంబరు 2న వేసవి వేళ ముగిసి, ఇక్కడి గడియారాలు గంట వెనక్కి వెళతాయి. తరగతులు మాత్రం ఎప్పటి వేళకే. ఫీజు బాకీలు ఆ రోజే చెల్లించగలరు. మెరిసే టేపు గురువారం సాయంత్రం ఆరు నుంచి ఏడు వరకు బడి ఆఫీసులో ఉచితంగా ఇస్తాము. వేషం వెంట తెస్తే మేమే అంటించి ఇస్తాము.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు